మేస్త్రి ఇంటి గోడ

మా మామయ్యతో ఎవరింటికి వెళ్ళినా నాకు తల తీసేసినట్టుంటుంది. మంచినీళ్ళ గ్లాసు అందుకునేలోపే వేలితో గోడ మీద కొట్టి చూస్తారు. "ఎవరమ్మా కట్టింది? ఇసుక దంచేశాడు!" అంటారు. నలభై ఏళ్ళు తాపీ పట్టిన మనిషి. ఆయన నోరు మూయించడం నా వల్ల కాదు, అత్తయ్య వల్ల అసలే కాదు.

అలాంటి మనిషి తన చేత్తో కట్టుకున్న ఇంటికే పగులొచ్చింది. నేలంతా తవ్విపోసి బొగ్గు తీసే ఓపెన్‌కాస్ట్ గని ఏటికేడు మా వీధి వైపు జరుగుతూ, మధ్యలో ఉన్న అడవిలో ముప్పాతిక వంతు మింగేసింది. రోజూ మధ్యాహ్నం రెండింటికి సైరన్ మోగుతుంది, వెనకే పేలుడు. ఆ అదురుకి వీధిలో అన్ని గోడలూ నెర్రెలిచ్చాయి. గనికీ మాకూ మధ్య ఒక్క చెక్క అడవి మిగిలింది. ఇప్పుడు గనివాళ్ళకి అదీ కావాలట! పేలుళ్ళ వల్లే ఇళ్ళు దెబ్బతిన్నాయని తేలితే తవ్వకం ఇటు రాదు. అది తేల్చడానికి గురువారం ప్రభుత్వ అధికారి వస్తారని కబురొచ్చింది. ముందుగా చూసేది మా ఇంటినే, ఎందుకంటే అందరికన్నా పెద్ద పగులు మాదే.

సోమవారం నేను కుట్టుపని ముగించుకుని వచ్చేసరికి ఆ పగులు లేదు. గోడ అద్దంలా ఉంది. మామయ్య తీరిగ్గా తాపీ కడుక్కుంటున్నారు.

"ఏం చేశారు మామయ్యా! కొంప ముంచారు కదా!"

"పెద్దమనిషి ఇంటికొస్తున్నాడమ్మా. మేస్త్రి గోడ అలా నోరు తెరుచుకుని ఉంటే ఏమనుకుంటాడు?"

"ఆయనొచ్చేదే అది చూడటానికండీ!"

అప్పుడు వెలిగింది ఆయనకి. పూత గీకేద్దామని లేచారు.

"గీకితే మనమే పగలగొట్టామంటారు, ఊరుకోండి," అంది అత్తయ్య.

రెండు రోజులు ఆయన సరిగ్గా తిననేలేదు. పొద్దస్తమానం ఆ అడవి వైపే చూస్తూ కూర్చున్నారు. నా కోపం పోయి జాలేసింది.

బుధవారం రెండు కావస్తుండగా అధికారి ఊడిపడ్డారు. "రేపటికైతే గనివాళ్ళు పేలుడు మందు తగ్గిస్తారని ఈరోజే వచ్చాను," అన్నారు. తర్వాత తెల్లగా మెరుస్తున్న గోడని చూశారు. "పగులేదీ?"

"సిగ్గేసి నేనే పూసేశానండీ. నా తప్పే," అన్నారు మామయ్య. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

అధికారి పుస్తకం మూసేశారు.

సైరన్ మోగింది. అత్తయ్య అలవాటుగా వెళ్ళి అలమరలో గాజు గ్లాసులు పట్టుకుంది. నేల అదిరింది. గోడలోంచి టక్‌మని చప్పుడు. కిటికీ మూల నుంచి ఒక గీత బయల్దేరి, అందరం చూస్తుండగానే పైకప్పు దాకా పాకింది. సున్నం పెచ్చులు అధికారి చొక్కా మీద రాలాయి.

ఆయన దులుపుకోను కూడా లేదు. ఫోటో తీసి, టైము రాసుకున్నారు. "పాత పగులైతే ఎప్పటిదో అని వాదించేవాళ్ళు. ఇది నా కళ్ళ ముందే వచ్చింది కదా!"

"హమ్మయ్య!" అంటూ అత్తయ్య గ్లాసులు పట్టుకునే కూలబడింది. నేను నవ్వుతూ ఏడ్చాను.

రెండు నెలలకి తవ్వకం ఇటు రాకూడదని ఉత్తర్వు వచ్చింది. ఆ అడవి ముక్క మాకు దక్కింది. మామయ్య ఇప్పుడు వీధిలో అందరి పగుళ్ళూ పూస్తున్నారు, మా ఇంటిది తప్ప. ఎవరొచ్చినా మంచినీళ్ళకన్నా ముందు దాన్ని చూపించి, "ఈ గోడ నేనే కట్టాను," అంటారు.