పునాదిలోకి వెళ్లిన పాటల పుస్తకం

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ దాటితే ఎక్కడ చూసినా పునాదులే. మొన్నటి జొన్నచేను ఇవాళ ప్లాట్లయ్యేది. నేను కిరాణా కొట్టు ఇంటి ఆడపిల్లను; బేరమాడడం మాటలతో పాటే వచ్చింది. ఆ నోటి దురుసు చూసే కాబోలు, నగరంలోని ఒక సంగీత గ్రంథాలయం వారు నాకు ఉద్యోగమిచ్చారు. సంస్థానాల్లో, చర్చిల్లో మిగిలిన చేతిరాత పాటల పుస్తకాలను వెతికి, పట్టిక రాసి, మైక్రోఫిలిం తీయించాలి. సంస్థానాల వారసులు బీరువా తెరవడానికి నెలల తరబడి తిప్పించుకునేవారు. చర్చి పెద్దలు ముందు టీ ఇచ్చి, ఆ తరువాత తిప్పించుకునేవారు.

మన్సూరాబాద్ దగ్గరి ఒక చిన్న చర్చిలో ఆ పుస్తకం దొరికింది. అందులోని పాటలు వేరే ఊళ్లలోనూ ఉన్నాయి, కానీ మాటలే. పైన రాగం పేరు, తాళం పేరు, అంతే. ఈ ఒక్కదానిలో మాత్రం ప్రతి పంక్తి మీద స్వరాలున్నాయి. ఆ చర్చి సంఘపెద్ద వాళ్ల నాన్న రాసినవి. అవి పోతే మిగతా పుస్తకాలన్నీ ఉన్నా పాట లేనట్టే.

కొనడానికొచ్చినవాళ్లు సరుకును మెచ్చుకోకూడదని మా కొట్లో పసిపిల్లలకూ తెలుసు. ఆ రోజు నాకే గుర్తులేదు. ఇంత విలువైనది నా ఉద్యోగంలో చూడలేదని ఆ సంఘపెద్దతో అనేశాను. ఆయన మురిసిపోయి, పుస్తకం చర్చి గడప దాటనివ్వను గానీ ఫోటోలు తీసుకోమన్నాడు.

కెమెరా అతన్ని వెంటబెట్టుకుని వెళ్లేసరికి పాత చర్చి పక్కన కొత్తదానికి గుంత తవ్వి ఉంది. పుస్తకమేదని అడిగితే ఆయన సంతోషంగా గుంతలోకి చూపించాడు. ముందురోజు శంకుస్థాపన చేశారట. బైబిలుతో పాటు సంఘంలో అన్నిటికన్నా విలువైనదేదో డబ్బాలో పెట్టి మూలరాయి కింద ఉంచాలనుకున్నారట.

“నువ్వే చెప్తివి గద బిడ్డా,” అన్నాడు.

రాయి ఎత్తించమని బతిమాలాను. ఒక పూటకు ఇమ్మన్నాను, గంటకన్నా ఇమ్మన్నాను, గుంతలోనే కూర్చుని ఫోటోలు తీయిస్తానన్నాను. బేరంలో నేను దిగుతున్నకొద్దీ ఆయన మొహం మెత్తబడింది, మాట మెత్తబడలేదు.

“దేవునికిచ్చినంక మల్ల గుంజుకుంటమా? నీకు గావాల్సింది పాటే గద. నేను పాడ్త, రాసుకో.”

అప్పటికే మేస్త్రీ మాలు కలిపించాడు. సర్కారు పర్మిట్ మీద దొరికిన సిమెంటు, గట్టిపడితే ఇంకో బస్తా రాదు. కాళ్లావేళ్లా పడితే ఒక్క పాట దాకా ఆగుతానన్నాడు.

పెద్దాయన పల్లవి పాడాడు. గబగబా స్వరాలు రాసుకున్నాను. అనుపల్లవి ఎత్తుకోగానే ఇటుకల మీద కూర్చున్న వాళ్లక్క ఆపేసింది.

“నాయిన గట్ల పాడలే. ఆడ కిందికి దిగుతది.”

“నీకేం ఎరుక అక్కా? పెండ్లయి చంపాపేటకు పోతివి.”

“పోతే? చెవులు గూడ ఈడనే ఇడ్సిపెట్టి పోయిన్నా?”

ఇద్దరూ పాడారు. రెండూ వేరు. రెండూ బాగున్నాయి. ఎవరిది సరైనదని అడిగితే, పుస్తకంలో చూడమని ఇద్దరూ గుంత వైపు చెయ్యి చూపించారు. చూపించాక పెద్దాయన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. ఒప్పుకుంటాడనే అనుకున్నాను.

“కానియ్, మేస్త్రీ,” అన్నాడు చివరికి.

తట్టలు ఒకదాని వెంట ఒకటి గుంతలో పడ్డాయి. అక్క మాత్రం అనుపల్లవి మళ్లీ మొదటినుంచి పాడుతూనే ఉంది. పారల చప్పుడులో నాకు సగమే వినబడింది.