గోప్యా వదలని జీపు

దమ్మపేట దాటి అడవి వైపు పోయే తారురోడ్డు, పామాయిల్ తోటలు అయిపోయే చోట మట్టిబాట అవుతుంది. ఆ మలుపులోనే గోప్యా రేకుల షెడ్డు. అక్కడి నుంచి పైకి మెకానిక్ అనేవాడు లేడు. అడవిలోని గుంపులకు, అంటే కోయల పల్లెలకు, సంతజనాన్నీ, తునికాకు మూటల్నీ, జ్వరం పడ్డవాళ్ళనీ మోసే జీపులన్నీ ఎప్పుడో ఒకప్పుడు అతని ముందుకు రావలసిందే.

గోప్యాది సత్తుపల్లి అవతల ఒక తండా. ఖమ్మంలో లారీ షెడ్డులో పని నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక భార్య భూలిని తీసుకుని ఇక్కడికి వచ్చి షెడ్డు వేసుకున్నాడు. షెడ్డు వెనకే ఇల్లు. భూలి తమ్ముడు దేవ్లా కూడా వాళ్ళ వెంటే వచ్చాడు. కొన్నాళ్ళు బావకు చేయందించాడు గానీ, స్పానర్ల దగ్గర కూర్చోవడం అతనికి నచ్చలేదు. స్టీరింగు పట్టాడు. సంత జీపు తోలుతూ, పాటలు పెట్టుకుంటూ, దారిలో ఎవరు చెయ్యెత్తినా ఎక్కించుకుంటూ తిరిగేవాడు. అడవిలో ఆ జీపు హారను వింటే ఆడవాళ్ళు ముందే గంపలు సర్దుకునేవాళ్ళు.

ఒక వానాకాలం, సంత నుంచి తిరిగి వెళుతుంటే వాగు ఇవతలి ఏటవాలులో వెనక టైరు పంచరైంది. దేవ్లా జనాన్ని దింపాడు. హ్యాండ్‌బ్రేకు లాగాడు. జాకీ పెట్టి చక్రం లేపాడు.

పాత జీపులో హ్యాండ్‌బ్రేకు చక్రాలను పట్టదు. గేరుబాక్సు వెనక తిరిగే షాఫ్టును పడుతుంది. వెనక చక్రాల్లో ఒకటి గాల్లోకి లేచిందంటే ఆ పట్టు ఉన్నా లేనట్టే. నేలమీది చక్రం ముందుకు దొర్లుతుంటే గాల్లోది వెనక్కి తిరుగుతూ బండిని పోనిస్తుంది. అందుకే మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాలి. ఈ సంగతి దేవ్లాకు తెలియనిది కాదు, బావ దగ్గర నేర్చుకున్నదే. కానీ చినుకులు మొదలయ్యాయి. జనం తొందర పెట్టారు. చేతిలోంచి జారిన నట్టు బండి కిందికి దొర్లిపోతే అందుకోవడానికి వంగి తల లోపల పెట్టాడు. జీపు జాకీ మీదనుంచి జారింది.

ఆ జీపును షెడ్డుకు తెచ్చినవాడు గోప్యానే. మరొకరి చేత తెప్పించడానికి మనసొప్పలేదు. తెచ్చాక మొదట చూసింది హ్యాండ్‌బ్రేకు కడ్డీని. అది పూర్తిగా పైకి లాగి ఉంది. ఇంట్లోకి వెళ్ళి భూలికి ఆ మాటే చెప్పాడు.

"వాడు బ్రేకు ఏసే ఉంచిండు."

"ఏస్తే మరి ఎట్ల పోయిండు?" అంది భూలి.

షాఫ్టు సంగతీ, గాల్లో లేచిన చక్రం సంగతీ చెప్పబోయాడు. ఆమె వినలేదు. ఆ రోజు నుంచి షెడ్డులో అడుగు పెట్టలేదు. అన్నం టిఫిను తెచ్చి బయటి గుంజకు తగిలించి వెళ్ళిపోయేది. సుత్తి మోత వినపడితే తలుపు వేసుకునేది. "ఈ పని ఇడిసిపెట్టు. పామాయిల్ గెలలు కొట్టనీకైనా పో" అని చాలాసార్లు అడిగింది. గోప్యా మానలేదు. తను మానేస్తే ఆ జీపులు మాననే మానవు, ఏ మరమ్మతూ లేకుండానే అడవిలో తిరుగుతాయి. అది ఆమెకు సరిగ్గా చెప్పడం అతనికి చేతకాలేదు.

మనిషి మాత్రం మారిపోయాడు. మునుపు డ్రైవర్లతో కలిసి టీ తాగుతూ మాట్లాడేవాడు, ఇప్పుడు నోరు విప్పితే గద్దింపే. షెడ్డులో నేలకు సిమెంటు పోయించాడు. చక్రాలకు మొద్దులు ఆనించనిదే జాకీ ముట్టనివ్వడు. జాకీ మీద ఉన్న బండి కిందికి దూరనివ్వడు, ఇనుప స్టాండ్ల మీదికి దింపాకే దూరాలి. వాగు దాటి వచ్చిన ప్రతి బండికీ వెనక ఇరుసులోని నూనె తీసి చూస్తాడు. నీళ్ళు చేరి అది పాలు పోసిన టీలా మారి ఉంటే, ఎంత మొత్తుకున్నా మొత్తం మార్చనిదే పంపడు. "గోప్యా కాడికి పోతే బండి అత్తగారింటికి పోయినట్టే, ఎప్పుడొస్తదో తెల్వదు" అని డ్రైవర్లు వెనక నవ్వుకునేవాళ్ళు. విన్నా విననట్టే ఉండేవాడు.

రేగులగుంపు పగిడయ్య ఒక్కడే ఎదురుగా అనేవాడు. అతను కోయవాడు. గుంపులో జీపు ఉన్నది అతనికొక్కడికే. వానాకాలంలో వాగు కాస్త తగ్గిందంటే దాటి వచ్చే బండి అదొక్కటే. "నీ బామ్మర్ది పోయిండని మా బండ్లన్నిటికి సంకెళ్ళేస్తే ఎట్లన్నా" అన్నాడొకసారి. గోప్యా ఇంకో స్టాండు తెచ్చి బండి కింద పెట్టాడు. పగిడయ్య మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

దేవ్లా పోయిన కొన్నేళ్ళకు, శ్రావణంలో, ఒక పొద్దున పగిడయ్య జీపు తెచ్చాడు.

"బ్రేకు మెత్తగైంది. తొక్కితే కిందిదాక పోతాంది. జర చూడు."

గోప్యా ముందు చక్రం విప్పాడు. చక్రం దగ్గర బ్రేకు నూనె పోయే రబ్బరు పైపు రాయి తగిలి చీలి ఉంది. నూనె కారి డ్రమ్మంతా తడిసింది. కొత్త పైపు సత్తుపల్లి నుంచి తెప్పించాలి. ఆ మాట చెపుతుండగానే పగిడయ్య ఫోను మోగింది. చేసింది గుంపులో ఆశా కార్యకర్తగా పనిచేసే రామక్క. గుంపులోని నాగమణి అనే పిల్లకు నొప్పులు వస్తున్నాయి. మొదటి కాన్పు. రాత్రే మొదలైనా చెప్పలేదట. అంబులెన్సుకు చెప్పారు, అది తారురోడ్డు దాకా వస్తుంది. అక్కడిదాకా దించడానికి జీపు కావాలి.

పగిడయ్య ఫోను జేబులో పెట్టుకుంటూ, "చక్రం ఎక్కియ్యన్నా. నేను పోత" అన్నాడు.

"బ్రేకు లేదు."

"ఆ పైపు మడిచి తీగతో కట్టు. మిగిలిన మూడు పట్టవా? నేను ఎన్నిసార్లు గట్ల తోలలే."

"ఒట్టి బండి తోలినవ్. గుంపు బాట దిగుడుల, బురదల, నిండు చూలాలిని ఎక్కించుకోని తోల్తవా? కట్టిన తీగ ఊడితే నూనె మొత్తం పోతది. ఒక్క చక్రం గూడ పట్టదు."

"పిల్ల సస్తాందన్నా."

"బండి లోయల పడితే పిల్లొక్కతే కాదు."

పగిడయ్య తనే చక్రం ఎత్తబోయాడు. గోప్యా చక్రం మీద కాలు పెట్టి నిలబడ్డాడు. ఇద్దరూ కొట్టుకునేదాకా వచ్చారు. చివరికి పగిడయ్య, "నీకు మనుసులు అక్కర్లే, ఇనుమే కావాలె" అని, వేరే బండి దొరుకుతుందేమోనని రోడ్డు మీదికి పరుగెత్తాడు.

షెడ్డు మూలన ఇంకో జీపు ఉంది. పామాయిల్ తోట పిచ్చయ్యగారిది, ఇంజను పనికి వచ్చింది. ఆయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు. తన వస్తువు ఎవరైనా ముట్టుకుంటే ఊరుకునే మనిషి కాదు. గోప్యా ఆయనకు ఫోను చేయలేదు. చేస్తే అడగాలి, అడిగితే ఆగాలి. ఆ జీపు ముందు చక్రం విప్పి, పైపు తీసి పగిడయ్య జీపుకు బిగించాడు.

పైపు మార్చాక లోపల చేరిన గాలి తీయాలి. గాలి ఉంటే బ్రేకు స్పాంజిలా అణుగుతుంది తప్ప పట్టదు. అది ఒక్కడితో అయ్యే పని కాదు. ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర నట్టు వదులు చేస్తూ బిగిస్తూ ఉండాలి. పగిడయ్య జాడ లేదు. రోడ్డు మీద ఎవరూ లేరు. వాన పడుతోంది.

గోప్యా వెనక్కి వెళ్ళి ఇంటి గడప దగ్గర నిలబడ్డాడు. భూలి పొయ్యి ముందు ఉంది. వాళ్ళ లంబాడీ మాటలోనే విషయం చెప్పాడు. గుంపులో కాన్పు. బండి కావాలి. పెడలు తొక్కే మనిషి లేదు.

భూలి అతని మొహం చూసింది. పొయ్యిలోంచి కట్టె వెనక్కి లాగి, చేతులు తుడుచుకుని లేచింది. షెడ్డు లోపలికి వచ్చేటప్పుడు గుంజను పట్టుకుని కాసేపు ఆగింది. తరువాత జీపెక్కి కూర్చుంది.

"తొక్కు" అన్నాడు గోప్యా కింద నుంచి. ఆమె తొక్కింది. "పట్టుకో." పట్టుకుంది. నట్టు సందులోంచి నూనె బుడగలతో చిమ్మింది. బిగించాడు. "వదులు." మళ్ళీ తొక్కు, మళ్ళీ పట్టుకో. ఒకసారి ఆమె కాలు జారి పెడలు ముందే వదిలేసింది. గాలి మళ్ళీ లోపలికి పోయింది. గోప్యా మళ్ళీ మొదటి నుంచి తొక్కమన్నాడు. ఆమె ఏడుస్తున్నట్టు ఊపిరి చప్పుడును బట్టి అతనికి తెలుస్తూనే ఉంది. చివరికి బుడగలు ఆగి నూనె తీగలా వచ్చింది. పెడలు గట్టిగా నిలిచింది.

పగిడయ్య వట్టి చేతులతో తిరిగి వచ్చేసరికి జీపు నేలమీద ఉంది. పగిడయ్య స్టీరింగు పట్టాడు. గోప్యా పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

వాగు దాటాక పగిడయ్యను బ్రేకు మెల్లగా తొక్కుతూ పొమ్మన్నాడు, తడి ఆరాలని. గుంపు ఇంకా దూరం ఉండగానే నాగమణిని మంచం మీద మోసుకొస్తున్న మనుషులు ఎదురయ్యారు. బండి రాదనుకుని బయలుదేరారట. ముందు కొయ్య నాగమణి పెనిమిటి రవికుమార్ భుజం మీద ఉంది. ఆమె తల్లి ఎర్రమ్మ మంచం పక్కనే గొడుగు పట్టుకుని నడుస్తోంది. నాగమణి మూలగడం లేదు. అది చూసి గోప్యాకు భయం వేసింది. ఆమెను జీపులోకి ఎక్కించి బండి వెనక్కి తిప్పారు.

దిగుడు మలుపు తిరగగానే బాటకు అడ్డంగా వెదురు పొద కూలి ఉంది. వచ్చేటప్పుడు లేదు. పగిడయ్య బ్రేకు తొక్కాడు. జీపు బురదలో పక్కకు కొట్టుకుని, గట్టు అంచున ఆగింది. చక్రం కిందినుంచి రాళ్ళు లోయలోకి దొర్లిన చప్పుడు అందరూ విన్నారు. దిగి వెదురు నరికి పక్కకు లాగి మళ్ళీ ఎక్కారు. పగిడయ్య గోప్యా వైపు చూడలేదు. ఆగిన బండిని ఎవరూ గుర్తు పెట్టుకోరు.

అంబులెన్సు తారురోడ్డు మీద ఎదురుచూస్తోంది. దవాఖానాలో ఆపరేషను చేసి బిడ్డను తీశారు. మగబిడ్డ. ఊపిరి లేదు. నాగమణి బతికింది.

రవికుమార్ వరండాలో నర్సును అడిగాడు. "కొంచెం ముందొస్తే బతికేటోడా అమ్మా?"

"చెప్పలేమయ్యా. గుండె ఎప్పుడాగిందో మాకెట్ల తెలుస్తది" అంది ఆమె.

అతను ఆ మాటను తనకు కావలసినట్టు విన్నాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ గోప్యా దగ్గరకు వచ్చి, "చక్రం మీద కాలేసి ఆపినవంట గదా" అన్నాడు. పగిడయ్య తల దించుకున్నాడు. గోప్యా, "అవ్, ఆపిన" అన్నాడు. ఇంకేమన్నా చెపితే బిడ్డ శవం ముందు తన పని గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుందనిపించింది. రవికుమార్ అతన్ని కొట్టలేదు. నేలమీద కూలబడ్డాడు.

గుంపు అంతా ఆ మాటే పాకింది. పక్క గుంపుల జీపులు కూడా షెడ్డు ముందు ఆగకుండా దమ్మపేట పోవడం మొదలుపెట్టాయి. పిచ్చయ్యగారు వచ్చి తన జీపుకు పైపు లేకపోవడం చూసి, "చెప్పి తీసుకుంటే నేను కాదంటానా" అని కేకలేసి, సంగతి తెలిశాక కేకలు మాని వెళ్ళిపోయారు. పని లేని రోజుల్లో గోప్యా స్పానర్లు తుడిచి పెట్టి, మళ్ళీ అవే తుడిచేవాడు. నిద్రలో "పట్టుకో, పట్టుకో" అనేవాడు. భూలి మాత్రం ఇప్పుడు అన్నం తెచ్చి షెడ్డు లోపలే కూర్చుంటోంది. ఇద్దరూ మాట్లాడుకునేది తక్కువే. ఒకనాడు మాత్రం తనంతట తనే అడిగింది. "వాడు బ్రేకు ఏసినా బండెట్ల కదిలింది? ఇప్పుడు చెప్పు." గోప్యా ఒక చక్రం పైకెత్తి, తిప్పి చూపించి, మొత్తం చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

పగిడయ్య చాలాకాలం రాలేదు. ఎండాకాలంలో, తునికాకు మొదలవుతుందనగా, జీపు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. "ఇరుసు చప్పుడైతాంది" అన్నాడు, నిన్ననే వచ్చి వెళ్ళినవాడిలా. జీపులోంచి సంతకు పోయే ఆడవాళ్ళు దిగి వేపచెట్టు నీడకు వెళ్ళారు. వాళ్ళలో నాగమణి ఉంది. చిక్కిపోయింది. భూలి నీళ్ళు ఇస్తే తాగి, చెంబు చేత్తో పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. గోప్యా బండి కింద ఉన్నాడు.

"అన్నా" అంది.

అతను బయటికి వచ్చి నిలబడ్డాడు. ఆమెను పోల్చుకున్నాడు.

"బొంగు పొద కూలిన కాడ బండి ఆగింది నాకు యాదికున్నది" అంది నాగమణి. "కండ్లు తెరిస్తే కింద లోయ కనబడ్డది." చెంబు చేయి మార్చుకుని మళ్ళీ అంది. "ఆ పొద్దు బండి బ్రేకు బాగుచెయ్యకుండ గట్లనే వస్తే ఏమైతుండె?"

పగిడయ్య అటు తిరిగి బీడీ వెలిగించుకుంటున్నాడు. గోప్యా చేతిలోని గుడ్డను అటూ ఇటూ తిప్పాడు.

"తెల్వదమ్మా. నేను గూడ అదే అనుకుంట. ఎట్ల తిప్పి చూసినా తెల్వదు."

"మా ఆయనకు తెల్సంట" అంది ఆమె. అందులో కోపం లేదు, ఎగతాళి లేదు. "నాకైతే తెల్వదు."

చెంబు భూలికి ఇచ్చి నీడలోకి వెళ్ళిపోయింది. గోప్యా మళ్ళీ బండి కిందికి దూరాడు. ఇరుసు బేరింగు అరిగిపోయి ఉంది. ఈ పూట అయ్యే పని కాదని, సంతజనం వేరే దారి చూసుకోవాలని పగిడయ్యకు చెప్పాడు. పగిడయ్య బీడీ పారేసి, ఆడవాళ్ళకు ఆ సంగతి చెప్పడానికి వేపచెట్టు వైపు నడిచాడు. వాళ్ళు కాసేపు గొణిగి, గంపలు నెత్తికెత్తుకుని, ఎండలో తారురోడ్డు పట్టారు.