ఇరవై నాలుగు ఫ్రేముల బాబాయి

మా బాబాయి ముందు ఎవరూ ఏ పనీ ఒక్కసారి చేసి బయటపడలేరు. తలుపు వేసినా, తుమ్మినా, కుర్చీలోంచి లేచినా, "మళ్ళీ ఒక్కసారి చెయ్యండి, సరిగ్గా చూడలేదు" అంటాడు. ఎంత మర్యాదగా అడుగుతాడంటే, చేసేశాక గానీ అదెంత తెలివితక్కువ పనో మనకు తట్టదు. గ్యాసు బండ తెచ్చినతను పాపం దాన్ని మూడుసార్లు భుజం మీంచి దించాడు. నాలుగోసారి అడిగేసరికి ఖాళీ బండ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు. యాభై రెండో ఏట ప్రెస్సులో అంటుకుంది. అక్కడ పుస్తకాలకు పేజీలు తీర్చడం ఆయన పని. ఒకరోజు యజమాని పిలిచాడు.

"ఏమయ్యా, ఇప్పుడు కదలని కార్డు ఎవరూ అడగడం లేదు. ఫోనులో అక్షరాలు ఎగరాలంటున్నారు. ఆ మోషన్ డిజైన్ ఏదో నేర్చుకోరాదూ."

"నేర్పిస్తారా?"

"నేర్చుకోమన్నాను."

నేర్పే చోటికి వెళ్ళి ఫీజు కనుక్కొచ్చాడు బాబాయి. పిన్ని తను సరిగ్గా వినలేదేమోనని మళ్ళీ చెప్పమంది. రెండోసారీ అంతే ఉంది.

"అంత పోసి నేర్చుకుంటే కదిలేది అక్షరాలు కాదు, మనం. ఇల్లు ఖాళీ చేసి" అంది.

దాంతో బాబాయి ఖర్చు లేని దారి పట్టాడు. పుస్తకాల అంచులు కోశాక ప్రెస్సులో కుప్పగా పడే కాగితపు ముక్కలు సంచిలో తెచ్చుకునేవాడు. వాటిని క్లిప్పుతో బిగించి, ముక్కకో బొమ్మ గీసి, బొటనవేలితో గబగబా వదిలితే బంతి ఎగిరి పడేది. మొదటి వారం అది ఇటుకలా పడింది. రెండో వారం బుడగలా పడింది. మూడో వారం పిన్నిని వంటింట్లోంచి పిలిచి చూపించాడు.

"బంతేగా" అంది పిన్ని.

"ఆ మాట కోసమే మూడు వారాలు ఎదురుచూశాను" అన్నాడు బాబాయి.

తరవాత ప్రెస్సులో మూలన పడేసిన కంప్యూటరు ఇంటికొచ్చింది. దాన్ని ఆన్ చేసి స్నానం చేసి వస్తే అది కూడా అప్పుడే సిద్ధమయ్యేది. సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరికింది. పాఠాలు ఫోనులో దొరికాయి. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు కావాలని, ఒక్కో బొమ్మను ఫ్రేమంటారని తెలిసిన రోజు నుంచి మా ఇంట్లో గడియారానికి విలువ పోయింది. "తలుపు ఆరు ఫ్రేముల్లో వేశావు, ఎవరి మీదమ్మా కోపం?" అని నన్ను అడిగేవాడు. కోపం ఉన్న మాట నిజమే కాబట్టి మళ్ళీ వెళ్ళి తలుపు నెమ్మదిగా వేసొచ్చేదాన్ని.

మొదటి పని ఒక పెళ్ళి కార్డు. పది సెకన్లు కదలాలి. ప్రెస్సులో పెరిగిన మనిషికి ఒక నియమం ఒంటబట్టి ఉంటుంది. ప్రూఫు చూపించి సంతకం తీసుకోనిదే ఏదీ బయటికి పోకూడదు. అందుకని బాబాయి ఆ పది సెకన్లనూ రెండు వందల నలభై కాగితాల మీద అచ్చు వేసి, కట్ట తీసుకెళ్ళి పెళ్ళికూతురి తండ్రి ముందు పెట్టాడు. ఆయన తొంభై కాగితాల దాకా ఓపిగ్గా సంతకాలు చేశాడు.

"ఇది ఇందాకటి కాగితమేగా?"

"కాదండీ. అందులో అమ్మాయి పేరు కాస్త ఎడమకుంది."

పెళ్ళి ముందు గొడవెందుకనుకున్నాడో ఏమో, మిగతావీ పూర్తి చేశాడు. చివరి సంతకం పెట్టి చెయ్యి దులుపుకుంటూ, "మరి కదిలేది ఎప్పుడు చూపిస్తారు?" అన్నాడు. మర్నాటి నుంచి ప్రింటరు గది తాళంచెవి యజమాని జేబులో ఉంది.

ఇలా నవ్వుకుంటూ ఉండగా మా నానమ్మ స్నానాల గదిలో జారిపడింది. అందరం పరిగెత్తాం. నేను భయంభయంగా బాబాయి మొహం చూశాను. ఆయన "మళ్ళీ ఒక్కసారి" అనలేదు. ఆటో కోసం వీధిలోకి పరిగెత్తాడు.

విరిగిన తుంటికి ఆపరేషను చేసి డాక్టరు చెప్పాడు. "ఎముక అతుక్కుంటుంది. కానీ రోజూ నడిపించాలి. భయపడి మంచం పట్టారంటే ఇక లేవలేరు."

"ఎనభై ఏళ్ళు నడిచాను. చాలు" అంది నానమ్మ.

నాన్న బతిమాలాడు. పిన్ని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వ్యాయామం చేయించే అమ్మాయి వస్తే నానమ్మ కళ్ళు మూసుకుని పడుకునేది. అనుమానం రాకుండా గురక కూడా పెట్టేది. పది రోజుల్లో ఆవిడ పిక్కలు నా మణికట్టంత అయ్యాయి.

పదకొండో రోజు బాబాయి ఫోను పట్టుకుని మంచం దగ్గరికొచ్చాడు.

"అమ్మా, నా ఉద్యోగం నీ కాళ్ళ మీద ఉంది."

"ఏమైందిరా?"

"నొప్పుల తైలం చేసేవాళ్ళు ప్రెస్సుకు పనిచ్చారు. నడిచే పెద్దావిడ బొమ్మ కావాలట. బంతి అయితే వచ్చుగానీ మనిషి నడక నాకు చేతకావడం లేదు. నువ్వు నాలుగడుగులు వేస్తే చూసి గీసుకుంటాను."

"కుంటుకుంటూ నడిస్తే ఏం బాగుంటుందిరా?"

"తైలం కొనేది కుంటేవాళ్ళేగా."

నాన్నకు ఒళ్ళు మండింది. "ఒరేయ్, నీకు బుద్ధుందా? ఆవిడ నొప్పితో పడుంటే నీకు బొమ్మలు కావలసి వచ్చాయా?"

"నువ్వుండరా పెద్దోడా. వాడి ఉద్యోగం పోతే నువ్వు పోషిస్తావా?" అంటూ నానమ్మ వాకరు పట్టుకుని లేచింది.

నాలుగడుగులకే చెమటలు పట్టాయి. కూర్చోబోతుంటే, "మళ్ళీ ఒక్కసారమ్మా" అన్నాడు బాబాయి. నాన్న గదిలోంచి వెళ్ళిపోయాడు.

మర్నాడు వెలుతురు చాల్లేదని కిటికీ దాకా నడిపించాడు. ఆ మర్నాడు వెనక క్యాలెండరు అడ్డొచ్చిందని వరండాలోకి రమ్మన్నాడు. పిన్ని రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నేనూ ఉండబట్టలేక, "ఒక్కసారితో సరిపెట్టుకోరాదూ బాబాయ్" అన్నాను.

"ఎనిమిదో అడుగు ఇంకా దొరకలేదమ్మా" అన్నాడు.

సాయంత్రం వీడియో ఆపి ఆపి చూస్తూ అడుగుకెన్ని ఫ్రేములో లెక్కపెట్టేవాడు.

"నొప్పి కాలు ఎంతరా ఇవాళ?" అని మంచం మీంచి నానమ్మ.

"ముప్పై నాలుగు."

"నిన్న?"

"ముప్పై ఏడు."

"రేపు ముప్పై చేస్తాను చూడు."

నెల తరవాత డాక్టరు నడక ఎలా ఉందని అడిగితే, "నొప్పి కాలు ఇరవై ఆరు, మంచి కాలు ఇరవై" అన్నాడు బాబాయి. డాక్టరు రాస్తున్న కలం ఆపి, "ఈ పరీక్ష ఎక్కడ చేయించారు?" అన్నాడు.

ఆపైన రెండు వారాలకు ప్రెస్సు యజమాని నానమ్మను చూడడానికి పళ్ళు పట్టుకుని వచ్చాడు. ఆవిడ చేతికర్ర మీద నడుచుకుంటూ వరండాలోకొచ్చి ఎదురుగా కూర్చుంది.

"తైలంవాళ్ళకు మా వాడి బొమ్మ నచ్చిందా బాబూ?"

"ఏ తైలమండీ?"

"అదే, నడిచే పెద్దావిడ బొమ్మ."

"మాకలాంటి పనేదీ రాలేదే. అయినా ఈయనకు నడక కొత్తేమిటి? చెప్పుల దుకాణంలో తెర మీద నడిచే మనిషి ఈయన చేసిందే, పోయినేడు. ఇంట్లో చెప్పలేదా?"

నాన్న బాబాయి వైపే చూస్తున్నాడు. పిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది. బాబాయి ఫోను అద్దాన్ని చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

"అంటే నెలన్నరగా నన్ను ఊరికే నడిపించావా?"

"ఊరికే కాదమ్మా..." అని ఆగిపోయాడు.

నానమ్మ చేతికర్ర అందుకుంది. యజమాని ఎందుకైనా మంచిదని కాఫీ కప్పు పక్కకు జరుపుకున్నాడు. ఆవిడ కర్ర ఆనించి నెమ్మదిగా లేచి నిలబడింది.

"నీకు నడక నేర్పినప్పుడు నేనూ ఒక అబద్ధమాడానులే. పట్టుకునే ఉన్నానని చెప్పి చెయ్యి వదిలేశాను."

"పడ్డానా?"

"పడకేం. మూడుసార్లు. పద, గేటు తియ్యి. వీధి చివరి దాకా వెళ్ళొద్దాం."