ఖాళీ కడుపుతో గోడెక్కని బందూకు

నా ఇబ్రహీంపట్నం ప్రయాణానికి కారణం మా బడిలో గంట కొట్టే మస్తాన్. పాత తుపాకులంటే నాకు పిచ్చి అని బడిలో అందరికీ తెలుసు. సిపాయిలు వాడి వదిలేసినవి, తుప్పు పట్టినవి ఏరి తెచ్చి, సర్కారు పర్వానా తీసుకుని, తుడిచి గోడకు పెట్టుకుంటాను. మా ఆవిడ ఆ గోడవైపు చూడటం మానేసి చాలా కాలమైంది. ఒకనాడు మస్తాన్ వచ్చి, "పంతులూ, మా మామ ఖాజామియా ఇంట్ల ఫరాంసీసు బందూకున్నది. శుక్రవారం ఆయన బిడ్డ పెండ్లి. పిల్లను సాగదోలేటప్పుడు గది పేలాలె, గది వాళ్ల ఇంటి రివాజు. జర సాఫ్ చేసి పెడ్తవా?" అన్నాడు.

ఫరాంసీసు అన్న మాట చెవిన పడ్డాక నాకు కాలు నిలవలేదు. తాతముత్తాతల కాలంలో నిజాం పల్టన్లకు ఫ్రెంచి దొరలు కవాతు నేర్పిన రోజుల తుపాకి నా దగ్గర ఒక్కటీ లేదు. పెళ్లయ్యాక మెల్లగా అడిగి తెచ్చుకుందామని మనసులోనే గోడకు మేకు కొట్టేశాను.

గురువారం పొద్దున ఏడింటికి అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కాను. లడాయి మూలంగా పెట్రోలు దొరక్క, బస్సు వెనక బొగ్గుల పొయ్యి కట్టి ఆ గ్యాసుతో నడుపుతున్నారు. ఈ దారిన వెళ్లదలచినవాళ్లు ముందు సీటు పట్టుకోవడం మంచిది. వెనక కూర్చుంటే ఊరు చేరేసరికి మనమూ బొగ్గులమే. టికెట్టు ఆరణాలు. నా సంచిలోంచి పొడుచుకొచ్చిన ఇనుప కడ్డీలు చూసి, పక్కన కోళ్ల బుట్టతో కూర్చున్న ముసలమ్మ, "గివేంది బిడ్డా, కబాబులు కాలుస్తవా?" అని అడిగింది. పాత తుపాకులు తుడిచేవని చెప్పాను.

"తుడిచి ఏం జేస్తవ్?"

"గోడకు పెట్టుకుంట."

"మంచిదే తియ్యి. బువ్వ అడగది" అంది.

మన్నెగూడ దగ్గర బస్సు మొరాయించింది. క్లీనరు దిగి పొయ్యికి గాలి కొడుతుంటే మేమంతా చాయ్ తాగాం. ఇబ్రహీంపట్నం చేరేసరికి పది దాటింది. ఖాజామియా జొన్న చేను చేసుకునే మనిషి, అరవైకి దగ్గర్లో ఉంటాడు. ఇంటి ముందు పందిరి వేయిస్తూ ఎదురొచ్చాడు.

"రా పంతులూ! ఊరంత చెప్పిన, రేపు బందూక్ పలుకుతదని. మంచాల ఊరి నుంచి గుడ వస్తున్నరు ఇననీకి. ఒక్కతే బిడ్డ నాకు."

బందూకు వంటింట్లో, పొయ్యికి పైన రెండు గూటాల మీద ఉంది. "పొగ తగిల్తె చెదలు పట్టది" అంది ఆయన భార్య కాసింబీ. దించి వెలుతురులోకి తెచ్చాక నా గుండె ఆగినంత పనైంది. ఇంగ్లీషువాళ్లు తుపాకి గొట్టాన్ని కర్రకు మేకులతో బిగిస్తారు, ఫ్రెంచివాళ్లు ఇనుప పట్టీలతో బిగిస్తారు. దీనికి మూడు పట్టీలు, చెకుముకి రాయి పట్టుకునే గుర్రం కూడా చెక్కుచెదరలేదు. కానీ ముద్ర ఉండవలసిన చోట అద్దంలా మెరుస్తోంది.

"మా అత్త నేర్పింది. ఇటుక పొడి, చింతపండు పెట్టి తోముత" అంది కాసింబీ గర్వంగా. దాని పేరూ ఊరూ చింతపండు పులుసులో కలిసిపోయాయన్న మాట! చదివేవాళ్ల ఇళ్లలో ఇలాంటిది ఉంటే దయచేసి తోమకండి. మెత్తటి గుడ్డ, కాస్త నూనె చాలు.

ఆ గుడ్డ కన్నా ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. గొట్టంలోకి కడ్డీ దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూడాలి. ఖాళీ తుపాకిలో కడ్డీ, నిప్పు అంటుకునే రంధ్రం దాకా చేరుతుంది. ఇది నాలుగు వేళ్ల ముందే ఆగింది. మళ్లీ దించాను. ఇనుము తగిలిన చప్పుడు రాలేదు, మెత్తగా ఆగింది.

"చాచా, దీంట్ల మందున్నది."

"ఎట్లుంటది? మా నాయిన నా పెండ్లికి పేల్చిండు. గీ చెవులతోని ఇన్న. మల్ల ఇంట్ల పెండ్లే లేకపాయె."

"పేల్చినంక ఏం జేసిండు?"

ఖాజామియా గడ్డం గోక్కున్నాడు. "గోడకెక్కిచ్చిండు. ఖాళీ కడుపుతోని బందూక్ గోడెక్కొద్దు అనేటోడు. నూనె పోస్తడేమో అనుకున్న. నాకేం చెప్పకుంటనే ఆ ఏడే పాయె."

తండ్రి దాని కడుపు నింపే పోయాడు. రేపు కొడుకు ఆ మందు మీద ఇంకో మోతాదు మందు పోసి, మొహానికి దగ్గరగా పెట్టుకుని పేల్చబోతున్నాడు. ఆ మాటే చెప్పాను. ఆయనకు కోపమొచ్చింది.

"పాతది తీసెయ్యి, కొత్తది నేను పోస్త. పలుకకుంటే నా ఇజ్జత్ ఏమైతది?"

రంధ్రంలోంచి నీళ్లు పోసి నానబెట్టాం. జొన్న రొట్టె, పుల్లటి పప్పు పెట్టారు. పెరట్లో అందరినీ దూరంగా నిలబెట్టి, మూతిని మట్టిగోడ వైపు తిప్పి, కొసన మరచుట్టు ఉన్న కడ్డీ దించి తిప్పాను. ముందు ఒక గుడ్డ ముడి వచ్చింది, తర్వాత సీసపు గుండు, చివరికి మందు. నీళ్లు చేరని చోట ఇంకా పొడిగానే ఉంది. చిటికెడు తీసి నిప్పు మీద వేస్తే భుగ్గున మండింది. ఖాజామియా రెండడుగులు వెనక్కి వేశాడు.

కాసింబీ మాత్రం మంట వైపు చూడలేదు. ఆ గుడ్డ ముడి తీసుకుని విప్పింది. మసి బారిన ఎర్ర గుడ్డ, అంచున జరీ పోగులు.

"గిది నా ఓణీ" అంది. "పెండ్లైన తెల్లారి మామ అడిగిండు, బేటీ, కొంగు జర చింపియ్యి అని. ఎందుకని అడగలే. ఇన్నేండ్లు నా కొంగు కిందనే రొట్టెలు కొట్టిన్నా నేను?" నవ్వబోయి, ఆ పీలికతోనే కళ్లు తుడుచుకుంది. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి, పొయ్యి పొగ అని చెప్పను.

శుభ్రం చేసి గొట్టంలో నూనె పోశాను. రంధ్రం పక్కన సన్నని గీతలా నూనె బయటికి ఊరింది. అంటే అక్కడ పగులుంది. ఒక మోతాదు మందుకైనా ఇక ఆగదు.

"ఊరోళ్ల ముందట నా మొహం ఏడ పెట్టుకోవాలె?" అన్నాడు ఖాజామియా.

"పేలి మొహమే పోయినంక ఏడ పెట్టుకుంటవ్?" అంది కాసింబీ. దానితో మాట తెగిపోయింది.

శుక్రవారం పిల్లను సాగనంపే వేళ ఖాజామియా బందూకును భుజాన పెట్టుకుని పందిట్లో నిలబడ్డాడు. మంచాల నుంచి వచ్చిన వియ్యాలవారి మనిషి ఒకాయన, "ఏం మియా, పలుకదా?" అని నవ్వాడు. ఖాజామియా మొహం ఎర్రబడింది. "నిన్ననే పలికింది, మా ఇంటిదానితోని" అన్నాడు. కాసింబీ, కూతురి ఓణీ కొసన చిన్న పీలిక చింపింది. మందు లేదు, గుండు లేదు. నా కడ్డీతోనే ఖాజామియా ఆ పీలికను గొట్టం అడుగుదాకా దట్టించాడు. దట్టిస్తూ ఆ పెద్దమనిషి పిల్లవాడిలా ఏడ్చాడు. పెళ్లిబండి మలుపు తిరిగాక బందూకు మళ్లీ పొయ్యి పైకెక్కింది.

నాలుగింటి బస్సుకు నన్ను సాగనంపుతూ, "నీ కండ్లల్ల జూసిన పంతులూ, బందూక్ మీద మనసున్నది నీకు. ఇంతకుముందైతే ఇస్తుంటినేమో" అన్నాడు. సీసపు గుండు నా చేతిలో పెట్టాడు.

మన్నెగూడలో బస్సు మళ్లీ ఆగింది. జేబులో గుండు బరువుగా తగులుతోంది. మా గోడ మీది తుపాకులు ఒక్కొక్కటీ కళ్ల ముందుకొచ్చాయి. ఏది ఏ దేశానిదో, ఏ పల్టనుదో గడగడా చెప్పగలను. ఎవరి పెళ్లికి పలికాయంటే మాత్రం నాకు తెలీదు. అన్నింటిలోకీ కడ్డీ దించి చూసినవాణ్ణి నేనే. ఒక్కదాని కడుపులోనూ ఏమీ లేదు.