తెర వెనక మరియమ్మ

మార్టూరు రాళ్ల ఫ్యాక్టరీలో తోమా పాలిష్ పట్టిన నల్లరాయిలో మొహం చూసుకోవచ్చు. ఆ రాయి ఎంత నల్లగా ఉంటే అంత గిరాకీ, ఓడలెక్కి దేశాలు పోతుంది. తోమా రంగు ఆ రాయికి ఏం తీసిపోదు గానీ, పేట దాటి ఎక్కడికీ పోలేదు. సాయంత్రం డ్యూటీ దిగేసరికి ఒళ్లంతా రాతిపొడి కమ్మి తెల్లగా తయారవుతాడు. "ఇప్పుడున్నావయ్యా పెళ్లికొడుకులా," అని భార్య కొండమ్మ వెక్కిరిస్తుంది. రెండు చెంబులు గుమ్మరించుకుంటే ఆ వైభవం కాస్తా కాలవలో కలిసిపోతుంది.

ఆ రంగు చలవ వల్లే చర్చిలో ఏటా క్రిస్మస్ నాటకంలో సాతాను వేషం అతనిది. హేరోదు రాజుకి చాడీలు చెప్పాలి, చిన్నపిల్లల్ని జడిపించాలి, ఆఖర్న దేవదూత చేతిలో తన్నులు తినాలి. నాటకం ఆడించేదీ, పాటల బృందాన్ని నడిపేదీ బెన్నీ మాస్టారు. మసీ ఆముదం కలిపిన గిన్నె అందిస్తూ, "నువ్వు పెద్దగా రాసుకోనక్కర్లేదులే తోమా," అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. గుంపులో గోవిందా అని తోమా కూడా నవ్వేవాడు.

అలాగని ఆ పేటలో తెల్లతోలు మనుషులున్నారా అంటే, కాగడా పెట్టి వెతికినా దొరకరు. పత్తి తీతలకీ, మిరప కోతలకీ పోయేవాళ్లని ఎండ ఊరికే వదులుతుందా? అక్కడ తెల్లగా ఉండేది చర్చి గోడ, ఆ గోడ మీద క్యాలెండర్లో ప్రభువు. ఆ క్యాలెండరు చూసి వేషాలు పంచుతారు వీళ్లు. బేత్లెహేము పిండిమర పక్కనే ఉన్నట్టు, గొర్రెల కాపరి దగ్గర్నుంచి గబ్రియేలు దాకా అందరికీ పౌడరే.

తోమా కూతురు జాస్మిన్ ఇంటర్ చదువుతోంది. రంగు తండ్రిది, గొంతు ఎవరిదో దేవుడికే తెలియాలి. నిజం చెప్పాలంటే ఆ గొంతును సానబట్టింది మాస్టారి ఫోనే. అమెరికా నల్లవాళ్ల చర్చి పాటలంటే ఆయనకి పిచ్చి. ప్రాక్టీసుకి ముందు ఫోను బల్లకి ఆనించి అందరికీ చూపించేవాడు. "చూడండర్రా, వాళ్లకి ఒళ్లంతా పాటే! బానిసలై పత్తిచేలల్లో ఏడ్చి ఏడ్చి తెచ్చుకున్న గొంతులవి," అంటూ కళ్లు తుడుచుకునేవాడు. పత్తిచేను నుంచి నేరుగా వచ్చి కూర్చున్న ఆడవాళ్లు కూడా అయ్యో పాపం అనేవాళ్లు.

జాస్మిన్ చూసింది వేరు. ఇంటికొచ్చి తండ్రికి చెప్పింది. "నాన్నా, ఆ ఫోన్లో పాడే ఆమె అచ్చం నాలాగే ఉంది. ఆమెను ముందు నిలబెట్టారు, అందరికీ మధ్యలో." ఆ రోజు నుంచి పిల్ల పౌడరు డబ్బా ముట్టలేదు.

ఈ ఏడు మరియమ్మ పాటకి బాణీ కట్టింది కూడా జాస్మినే. పాట తనది, గొంతు తనది, కాబట్టి వేషమూ తనకే అనుకుంది. తీరా వేషాలు పంచే రోజున మాస్టారు చర్చి పాస్టరు అయ్యగారి అన్న కూతురు శాంతిని పిలిచి, బాలయేసు బొమ్మ చేతిలో పెట్టాడు. గుంటూరు నుంచి సెలవులకొచ్చిన పిల్ల. పచ్చటి ఛాయ, పాడటం రాదు. "తెర వెనక జాస్మిన్ పాడుతుంది. నువ్వు పెదాలు కదిపితే చాలమ్మా," అన్నాడు.

"పాట మా అమ్మాయిది కదండీ మాస్టారూ," అన్నాడు తోమా.

"నేను కాదన్నానా? వీడియో తీస్తున్నాం తోమా. లైటు పడితే మన పిల్ల మొహం కనపడదు."

"మీ ఫోన్లో ఆ అమెరికా ఆవిడ కనపడుతోంది కదండీ?"

"వాళ్ల లైట్లు వేరయ్యా."

ఎక్కడో ఉన్న నల్లమ్మ కోసం ఈయన కన్నీళ్లు కారుస్తాడు, ఎదురుగా ఉన్న నల్లపిల్లకి తెర కడతాడు. ఛీ! తోమాకి తుపుక్కున ఉమ్మేద్దామనిపించింది, చర్చి ఆవరణ కదా అని మింగాడు. మానేద్దాం పదమ్మా అంటే జాస్మిన్ కదల్లేదు. "పాడతా నాన్నా. పాటైనా నాదని తెలుస్తుందిగా." తెర వెనక నుంచి ఎలా తెలుస్తుందో ఆ పిల్లకే తెలియాలి.

క్రిస్మస్ రోజు చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందు అయ్యాక, లైట్ల పని లేకుండా ఇంకా ఎండ ఉండగానే నాటకం మొదలైంది. తెరంటే కొండమ్మ పాత చీర. తీగకి బట్టల క్లిప్పులు పెట్టి వేలాడదీశారు. దాని వెనక ఎవర్ని దాస్తారో చీర ఇచ్చినప్పుడు కొండమ్మకి తెలియదు. తోమా మసి పూసుకుని, నల్లగుడ్డ కప్పుకుని, హేరోదు చెవి కొరికే పని ముగించి లోపలికొచ్చాడు.

జాస్మిన్ మైకు పట్టుకుని నిలబడి ఉంది. మొహం నిండా పౌడరు. మెడ దగ్గరికొచ్చి ఆగిపోయింది, చెవుల పక్కన చెమటకి చారలు కట్టింది.

"ఎవరు రాశారే?"

"నేనే."

"ఇక్కడ నిన్నెవరు చూస్తారే!"

పిల్ల నేలచూపులు చూసింది. "ఏమో నాన్నా. మరియమ్మ పాట కదా."

ఎవరూ చూడని చోట నిలబడటానికి కూడా తెల్లబడాలా? తోమాకి ఒళ్లంతా కంపరమెత్తింది. మాస్టారి మీద రోత, క్యాలెండరు మీద రోత, ఏటేటా తను నవ్విన నవ్వుల మీద కూడా రోత.

తెర అవతల శాంతి బొమ్మనెత్తుకుని కూర్చుంది. ఇవతల జాస్మిన్ పాట ఎత్తుకుంది. పల్లవి అయ్యేసరికి సాతాను మళ్లీ రంగం మీదికొచ్చాడు. నాటకంలో అతను రావాల్సిన చోటు కాదది. తీగ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. క్లిప్పులు టపటపా రాలాయి, కొండమ్మ చీర కుప్పగా కింద పడింది. శాంతి పెదాలు అలాగే తెరుచుకుని ఉండిపోయాయి. జాస్మిన్ బిత్తరపోయి పాట ఆపేసింది.

"ఏంటయ్యా ఈ సాతాను పని!" క్లిప్పులు ఏరుకుంటూ కేకేశాడు మాస్టారు.

"మరి మీరిచ్చిన వేషం అదే కదండీ," అన్నాడు తోమా. వెళ్లి ఆ నల్లగుడ్డ చెంగుతో కూతురి చెంప తుడిచాడు. ఒక పక్క మొహం బయటపడింది. గుడ్డకంటిన తెల్లపొడిని విదిలించి కొట్టాడు.

రెండో చెంప తుడవబోయాడు. జాస్మిన్ ఆ చెయ్యి పక్కకి నెట్టి, తన చున్నీతో తనే తుడుచుకుంది. మాస్టారు చీరని మళ్లీ తీగకి ఎక్కించబోతుండగా, దాన్ని దాటుకుని ముందుకొచ్చి, అందరికీ మధ్యలో నిలబడి చరణం అందుకుంది.