రాణి జెండా దిగిన ఉదయం

బార్బడోస్ రిపబ్లిక్ అయిన ఉదయం నేను ధర్మవరంలో హిందూపురం రైలెక్కాను. సోషల్ టీచరుగా రిటైరై ఏడాదయింది. ఇలాంటి వార్త ఏది కనబడినా ముందు మా ఆవిడకే చెప్పేవాణ్ని. ఆమె పోయి నాలుగు నెలలు.

ఫోన్లో బ్రిటన్ రాణి జెండా దిగుతుంటే, పక్కన కూర్చున్న ముసలామె తొంగిచూసింది.

"ఏమప్పా అది?"

"చిన్న దీవి అవ్వా. ఇన్నాళ్లూ బ్రిటన్ రాణే వాళ్లకూ రాణి. ఇయ్యాల వద్దనుకున్నారు."

"మంచిపనే. ఇంగ ఎవురి పెత్తనమూ ఉండదు."

"ఏమో అవ్వా. చైనావాళ్లు ఆడ రోడ్లేస్తాండారు. రాణిని తీసేయమని వాళ్లే ఎగదోసినారని కొందరంటాండారు."

అవ్వకు కోపమొచ్చింది. "ఏం, ఆ దీవోళ్లకు సొంత బుద్ధి ఉండదా? నా మొగుడు పోయినాక నేనే సేద్యం చేస్తే, ఎవురో వెనకుండి చేయిస్తాండారని నన్నూ అన్నారు."

అన్నేళ్లు పాఠాలు చెప్పినా ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు.

పెనుకొండలో ఆమె దిగింది. కిటికీలోంచి చెయ్యి ఊపాను, చూడలేదు. కనీసం ఏ ఊరని కూడా అడగలేదే అని హిందూపురం దాకా నొచ్చుకుంటూనే ఉన్నాను.