బకెట్ కింద ఈనె

"ఎత్తిన బకెట్ తనంతట తానే పాప మీదికి దిగిపోతే?" అన్నాను, కినత్తుకడవు అనే ఊళ్లో అమ్మకానికి పెట్టిన ఒక పాత ట్రాక్టరును చూడగానే. కొబ్బరితోటలో ఎరువు ఎత్తడానికి ముందువైపు బకెట్ లోడరున్న బండి కావాలి. మా మూడేళ్ల పాప రోజంతా ఆ తోటలోనే ఆడుతుంది. ఇక్కడ పాత బండి కొనేవాళ్లు వెంట తీసుకెళ్లే మనిషి రాజగోపాలన్; నేనూ ఆయన్నే తీసుకెళ్లాను. అరవై దాటాయి, గోళ్లలో గ్రీజు వదలదు. ఇంజను చప్పుడు వింటూ కళ్లు మూసుకుంటాడు. అమ్మేవాడి మాటలు వింటూ టైర్లకేసి చూస్తాడు. ఆ రోజు బకెట్‌ను మోకాలెత్తున నిలిపించి, ఇంజను ఆపించాడు. రాలిన కొబ్బరిమట్టనుంచి ఈనె చీల్చి, నేలకూ బకెట్ అంచుకూ మధ్య సరిపోయేలా తుంచి నిలబెట్టాడు. "రా సామీ, కాపీ తాగుదాము" అన్నాడు. నేను బకెట్‌ను పైన నిలిపి ఉంచే ఆయిలు పీడనం గురించి అడుగుతూనే ఉన్నాను, ఆయన కాపీ చల్లార్చుకుంటూనే ఉన్నాడు.

తిరిగొచ్చేసరికి ఈనె విల్లులా వంగి ఉంది. "ఒక వేలంత దిగిండాది, అంతేకదన్నా!" అని నవ్వాడు బండి అమ్మే మణికండన్. "అట్లయితే దాని కింద పండుకో తంబీ, మేము ఇంకొక కాపీ తాగొస్తాము" అన్నాడు రాజగోపాలన్. మణికండన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. నెల తర్వాత ఈనె వంగని బండి దొరికింది. అయినా భయం తీరని నా ముఖం చూసి ఆయన అన్నాడు: "ఈరోజు వంగలేదని రేపు నమ్మొద్దు సామీ. బకెట్‌ను నేలమీద పెట్టినాకనే నువ్వు బండి దిగు." ఇప్పుడు గుక్కెడు నీళ్లకు దిగాలన్నా ముందు బకెట్‌ను నేలకు ఆనిస్తాను. ఆ తర్వాతే పాపను దగ్గరికి రానిస్తాను.